కత్తి పట్టడం, కత్తి దించడం

కొరియా ద్వీపకల్పంలో ఆగ్నేయాన ఒకప్పుడు సిల్లా అనే రాజ్యం ఉండేది. క్రీస్తుశకం 600 ప్రాంతంలో ఆ రాజ్యానికి చెందిన ఇద్దరు పడుచువాళ్లు, గ్విసాన్, చుహాంగ్ అనేవాళ్లు, వన్‌గ్వాంగ్ అనే బౌద్ధ భిక్షువును వెతుక్కుంటూ వెళ్లారు. ఆయన చైనాలో చదువుకొని అప్పుడే తిరిగివచ్చిన పండితుడు. తాము ఏమీ తెలియని మామూలు మనుషులమనీ, జన్మంతా పట్టుకు నడవడానికి ఏదైనా మంచిమాట చెప్పమనీ వాళ్లు ఆయన్ని అడిగారు.

భిక్షువు వాళ్లను సన్యాసులు కమ్మనలేదు. బౌద్ధంలో నియమాలు పది ఉన్నాయి, రాజు కొలువులో ఉండే మీకు అవి పొసగవు, మీకు తగినవి అయిదు చెబుతాను వినండి అన్నాడు. రాజు పట్ల విశ్వాసంగా ఉండటం ఒకటి. తల్లిదండ్రులను ఆదరించడం రెండు. స్నేహితుడికి ఇచ్చిన మాట నిలుపుకోవడం మూడు. యుద్ధంలో వెన్ను చూపకపోవడం నాలుగు. ప్రాణం తీయవలసి వస్తే విచక్షణతో తీయడం అయిదు.

ఇక్కడ ఆ కుర్రాళ్లు ఒక మాట అన్నారు. మొదటి నాలుగూ మాకు అర్థమయ్యాయి స్వామీ, అయిదోదే అర్థం కాలేదు అన్నారు. నిజమే కదా! విశ్వాసం, భక్తి, స్నేహం, ధైర్యం ఏ ఊళ్లో ఏ పెద్దమనిషైనా చెప్పేవే. చంపడంలో విచక్షణ ఏమిటి? భిక్షువు విడమరిచాడు. ఉపవాస దినాల్లో చంపకండి, జీవాలు పిల్లలు పెట్టి పెరిగే వసంతంలోనూ ఎండాకాలంలోనూ చంపకండి. ఇది వేళ చూసుకోవడం. ఇంటిని నమ్ముకుని ఉన్న గుర్రాన్నీ ఎద్దునూ కోడినీ కుక్కనూ చంపకండి, మాంసం ఒక్క ముద్దకైనా రాని చిన్న ప్రాణిని చంపకండి. ఇది ప్రాణిని చూసుకోవడం. చంపక తప్పనప్పుడు కూడా అవసరమైనంతే, అంతకు మించి వద్దు.

ఈ సంగతిని కిమ్ బుసిక్ 1145లో పూర్తిచేసిన కొరియా చరిత్ర గ్రంథం, సామ్‌గుక్ సాగి, నమోదు చేసింది. ఆ ఇద్దరు మిత్రులూ 602లో బెక్‌జే రాజ్యంతో జరిగిన యుద్ధంలో చనిపోయారు. మాటువేసిన శత్రువుల మధ్య గ్విసాన్ తండ్రి చిక్కుకుపోతే, కొడుకు తన గుర్రం ఆయనకిచ్చి పంపేసి, తాను చుహాంగ్‌తో కలిసి నిలబడి పోరాడాడు. రెండో మాట, మూడో మాట, నాలుగో మాట ఒక్క పూటలో చెల్లించుకున్నారు.

ఆ అయిదు మాటలే తరవాత హ్వరాంగ్‌ల నీతిగా ప్రపంచానికి తెలిశాయి. 576లో సిల్లా రాజు జిన్‌హుంగ్ కాలంలో ఈ హ్వరాంగ్ దళాలు ఏర్పడ్డాయని ఆ గ్రంథం చెబుతుంది. గొప్పింటి కుర్రాణ్ని ఒకణ్ని నాయకుడిగా నిలిపేవారు. అతని వెనక వందల మంది యువకులు నడిచేవారు. కలిసి చదువుకునేవారు, పాడేవారు, ఆడేవారు, కొండలూ నదులూ వెంట దూరదూరాలు తిరిగేవారు. ఎందుకు తిప్పేవారంటే, కలిసి తిరిగి కలిసి తిన్నచోట మనిషి గుణం దాగదు. ఎవడు నమ్మదగినవాడో, ఎవడు కాదో అక్కడ తేలిపోయేది. అలా తేలినవాళ్లలో మంచివాళ్లను కొలువుకు ఎంపిక చేసేవారు.

వాళ్ల శిక్షణలో చదువుకు ఎంత చోటుందో చెప్పే రాయి ఒకటి 1934లో గ్యోంగ్‌జూ దగ్గర దొరికింది. జానెడున్నర పొడవుంటుంది. మీద 74 అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇద్దరు యువకులు ఆకాశం సాక్షిగా చేసుకున్న ప్రమాణం అది. దేశం అల్లకల్లోలమైనా దారి తప్పం, మూడేళ్లలో ఫలానా ఫలానా గ్రంథాలు నేర్చుకుంటాం అని అందులో ఉంది. రాతి మీద పెట్టుకున్న ఒట్టులో పుస్తకాల పేర్లున్నాయి చూడండి.

ఇక ఆ నీతి రణరంగంలో ఎలా నిలిచిందో ఒక్క ఘట్టం చెబుతాను. 660లో హ్వాంగ్‌సాన్ మైదానంలో సిల్లా సేనకూ బెక్‌జే సేనకూ పోరు జరిగింది. సిల్లా సేన నాలుగుసార్లు తలపడి నాలుగుసార్లూ ఓడింది. అప్పుడు సిల్లా సేనాని ఒకాయన తన కొడుకు గ్వాన్‌చాంగ్‌ను ముందుకు పంపాడు. పదహారేళ్ల హ్వరాంగ్. ఒంటరిగా దూసుకుపోయి పట్టుబడ్డాడు. బెక్‌జే సేనాపతి గ్యేబెక్ వాడి శిరస్త్రాణం తీయించి ముఖం చూశాడు. పసివాడు. చంపడానికి మనసొప్పక వదిలేశాడు. కుర్రాడు తిరిగివచ్చి, బావిలో నీళ్లు దోసిట్లో తాగి, మళ్లీ శత్రువుల మీదికి వెళ్లాడు. రెండోసారి గ్యేబెక్ వాడి తల తీసి గుర్రం జీనుకు కట్టి పంపాడు. అది చూసిన సిల్లా సేన తెగించి పోరాడి గెలిచింది.

కొరియా పిల్లలు ఈ కథలో గ్వాన్‌చాంగ్ ధైర్యాన్ని చదువుకుంటారు. నా దృష్టి మాత్రం గ్యేబెక్ మీద నిలుస్తుంది. చేతికి చిక్కిన శత్రువు ముఖం చూసి ఒకసారి కత్తి దించినవాడు ఆయన. వన్‌గ్వాంగ్ చెప్పిన అయిదో మాటను ఆ రోజు పాటించింది హ్వరాంగ్ కాదు, హ్వరాంగ్‌ల శత్రువు. వెనకడుగు వేయకూడదన్న నాలుగో మాట ఒక్కటే ఒంటబట్టిన పదహారేళ్లవాడికి బతికే దారి ఎదురుగా ఉన్నా కనిపించలేదు.

శ్రోతలారా, ఈ అయిదో మాటనే కొలతగా పట్టుకుని మన నేలకు వద్దాం. నల్లగొండ జిల్లాలోని మా చిట్యాల మీదుగా పోయే రైలు మార్గం బీబీనగర్ నుంచి నడికుడికి వెళ్తుంది. ఆ నడికుడి ఉన్నది పల్నాట్లో. పన్నెండో శతాబ్దంలో అక్కడ గురజాల, మాచెర్ల రాజ్యాల మధ్య దాయాదుల పోరు జరిగింది. కోడిపందెంలో ఓడి మాచెర్లవాళ్లు రాజ్యం వదలడం, రాయబారానికి వెళ్లిన అలరాజుకు విషం పెట్టడం, కారెంపూడిలో యుద్ధం, ఇవన్నీ మనకు తెలిసినవే. ఆ కథలో యువవీరుడు బాలచంద్రుడు. అతని తోడుగా వేర్వేరు కులాల కుర్రాళ్లు అన్నదమ్ముల వరసలో నడిచారు. వాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతును యుద్ధానికి దూరంగా ఉంచాలని ఏదో మిష మీద వెనక్కి పంపితే, సంగతి తెలిసి అతను ప్రాణం తీసుకున్నాడని గాథ. బాలచంద్రుడి తండ్రి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినవాడు, దళితుడైన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేసినవాడు. ఒకే చాప మీద కూర్చుని తిన్నవాళ్లే ఒకే వరసలో నిలబడి పోరాడతారని ఆయనకు తెలుసు. సైనిక శిక్షణలో అంతకంటే పెద్ద పాఠం ఆ కాలంలో ఇంకెవరు చెప్పారు?

కాని ఆ యుద్ధం ఎలా ముగిసింది? బాలచంద్రుడూ అతని తోడివాళ్లూ పోయారు. రెండు వైపులా వీరులు తుడిచిపెట్టుకుపోయారు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడంటారు. ఇప్పటికీ కారెంపూడి వీరుల గుడి దగ్గర కార్తీకంలో ఉత్సవం చేసి ఆయుధాలకు పూజ చేస్తారు, వీరవిద్యావంతులు ఆ కథ పాడతారు. విన్నవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. స్నేహం, తెగువ, మాట నిలుపుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ ఆగాలో చెప్పినవాడే లేడు.

ఇంకా దగ్గరికి వద్దాం. అప్పటి నల్లగొండ జిల్లాలో కొత్త తరం యోధులు పుట్టిన కాలం మన తాతలు చూసింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండుకు దొడ్డి కొమురయ్య బలయ్యాడు. అప్పటిదాకా ఊళ్లలో జనం కట్టుకున్న సంగం అంటే వెట్టి చెయ్యబోమని చెప్పే సంగం, అక్రమ వసూళ్లను నిలదీసే సంగం. ఆ తరవాత అదే సంగం గుత్పలు పట్టింది. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి నిజాం ప్రభుత్వం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. మరోపక్క ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. మా చిట్యాల మండలంలోని గుండ్రాంపల్లిలో ఆ రజాకార్ల చేతుల్లో చనిపోయినవారి స్మారక స్తూపం ఇవాళ్టికీ ఉంది.

పోరాటానికి దిగిన ఊరివాళ్లకు మొదట దొరికిన ఆయుధం ఏమిటి? వడిసెల. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలే వడిసెల. రెండు తాళ్లు, నడుమ చిన్న జాలి. జాలిలో గులకరాయి పెట్టి, ఒక తాడు కొస వేలికి తగిలించుకుని, రెండో కొస గుప్పిట్లో పట్టుకుని, తల చుట్టూ గిరగిరా తిప్పి సరిగ్గా సమయానికి రెండో కొస వదలాలి. ఒక్క క్షణం ముందు వదిలితే రాయి పక్కకు పోతుంది, ఆలస్యమైతే మనవాళ్లకే తగులుతుంది. చిన్నప్పటి నుంచీ చేలల్లో చేసిన పని కాబట్టి మన పిల్లలకు దాన్ని ఎవరూ నేర్పే పని లేకపోయింది. ఆడవాళ్లు కారంపొడి, రోకళ్లు పట్టారు. తరవాత భర్మార్లు వచ్చాయి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకులవి. ఒక్కసారి పేలిందంటే మళ్లీ మొదటి నుంచీ దట్టించాలి. ఆ మధ్య వేళలో బతికి ఉండటమే సగం శిక్షణ. మంచి రైఫిళ్లు చాలావరకు ఎదుటివాళ్ల దగ్గర లాక్కున్నవే.

ఈ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య 1972లో దాని చరిత్ర రాశారు. ఊరిని కాపాడే గ్రామదళాలు, విధ్వంసక దళాలు, పూర్తికాలం తిరిగే గెరిల్లా దళాలు అని మూడు రకాలుండేవని అందులో ఉంది. గ్రామదళాల్లో దాదాపు 10,000 మంది, గెరిల్లా దళాల్లో దాదాపు 2,000 మంది ఉన్నారని ఆయన లెక్క. సుమారు 3,000 ఊళ్లలో గ్రామరాజ్యాలు నడిచాయనీ, 10 లక్షల ఎకరాలు పంచారనీ, 4,000 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారనీ చెప్పారు.

దళంలో చేరినవాడు సొంత పేరు వదిలేసి మారుపేరు పెట్టుకునేవాడు. పగలు గుట్టల్లో, చేలల్లో దాక్కోవడం, రాత్రి నడక. వంతులేసుకుని కాపలా. జనం మూటగట్టి తెచ్చిందే తిండి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు అక్షరాలు దిద్దించారు. భుజాన తుపాకి, చేతిలో కాగితం. సిల్లా కుర్రాళ్లు రాతి మీద పుస్తకాల పేర్లు చెక్కుకున్న పనే మన వాళ్లు మరో తీరులో చేశారు.

కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట్లో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం ఆ సిల్లా కుర్రాళ్ల ఈడు పిల్లే. చిన్నతనంలోనే గోర్కీ 'అమ్మ' నవల ఆమె మీద ముద్ర వేసింది. తమ ఇంటి ధాన్యాన్ని వెట్టివాళ్లకు పంచింది. యువతిగా ఉండగానే రాజక్క పేరుతో దళాన్ని నడిపింది. ఆమె తల మీద ప్రభుత్వం 10,000 రూపాయల వెల కట్టింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి కూడా దళ నాయకుడే.

మరి వాళ్లకు నీతి అనేది రాసిపెట్టి ఉందా? కమ్యూనిస్టు పార్టీ చెప్పిన కట్టుబాట్లు ఉన్నాయి. స్త్రీల పట్ల తప్పుగా నడిస్తే దళంలో చోటు లేదు. పేదవాడి సొత్తు ముట్టకూడదు. గడీలో దొరికిన అప్పుపత్రాలు కాల్చాలి, ధాన్యం ఊరికి పంచాలి. ఇంకో కట్టుబాటు ఉంది, దాని మీద తక్కువమంది మాట్లాడతారు. అది భూమి పంపకం లెక్క. దొర భూమి మొత్తం లాక్కోలేదు. మొదట 500 ఎకరాలకు మించింది పంచారు. తరవాత 200 అన్నారు. చివరికి మెట్ట అయితే 100, తరి అయితే 10 ఎకరాలు దొరకు వదిలి మిగిలింది పంచారు. తరతరాలుగా వెట్టి చేసినవాళ్ల చేతికి తుపాకి వచ్చిన రోజున కూడా ఒక గీత గీసుకుని, ఇంతవరకే అని ఆగారు. అవసరమైనంతే అన్న భిక్షువు మాట మన చెలకల్లో ఎకరాల లెక్కగా అమలైంది. దళాల నీతి అంతటిలోకీ నేను గొప్పగా తలచేది ఇదే.

అయితే చరిత్ర చెప్పేటప్పుడు మంచి వైపు ఒక్కటే చూపించకూడదు. ఇన్ఫార్మర్లన్న అనుమానం మీద పోయిన ప్రాణాలూ ఆ కాలంలో ఉన్నాయి. అర్ధరాత్రి నిర్ణయానికి తెల్లారాక అప్పీలు లేదు. స్త్రీల సంగతీ అంతే. ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకం చేసింది. అడవిలో ఉండలేక పసిబిడ్డను ఎవరికో ఇచ్చేసిన తల్లి గొంతు అందులో ఉంది. పోరాటం అయిపోయాక ఇక ఇంటికి వెళ్లి సంసారం చూసుకోమన్నారన్న బాధ ఉంది. తుపాకి పట్టేటప్పుడు సమానమైనవాళ్లు, దించాక సమానం కాలేదు. యోధుల నీతిలో యుద్ధం తరవాతి పేజీ కూడా ఉండాలని ఆ స్త్రీల మాటలు మనకు చెబుతాయి.

ఆ పేజీ మీదే అసలు తగాదా వచ్చింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైంది. ఇప్పుడు తుపాకులు దించాలా, వద్దా? దించాలని రావి నారాయణరెడ్డి వాదించారు. సైన్యం వెనకే దొరలు తిరిగొస్తున్నారు, పంచిన భూమి పోతుంది, దించితే ఎలా అన్నది అవతలివాళ్ల వాదన. అందులోనూ నిజం ఉంది. పోరాటం మరో మూడేళ్లు సాగింది. చివరికి 1951 అక్టోబరు 21న విరమించారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నిలబడ్డ రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. నెహ్రూకు కూడా అన్ని రాలేదు. పోరాడమని పిలిచిన మనిషినీ, ఆపుదామన్న మనిషినీ జనం ఒక్కడిలోనే చూశారు, ఆ ఇద్దరికీ కలిపి ఓటేశారు.

ఆపుదాం అనడానికి ఎంత ధైర్యం కావాలో హ్వరాంగ్‌ల కథే ఇంకో తీరుగా చెబుతుంది. సిల్లా మహాసేనాని కిమ్ యుసిన్ కొడుకు వన్‌సుల్ 672లో ఒక ఓడిన యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చాడు. చావడానికే వెళ్లబోతే తోడున్న మనిషి కళ్లెం పట్టుకుని ఆపాడు. తండ్రి రాజు దగ్గరికి వెళ్లి, వీణ్ని చంపించండి అన్నాడు. రాజు వద్దన్నాడు. తండ్రి మాత్రం చచ్చేదాకా కొడుకు ముఖం చూడలేదు. ఆయన పోయాక తల్లీ చూడలేదు. మూడేళ్ల తరవాత అదే వన్‌సుల్ ఇంకో యుద్ధంలో గెలిచినా కొలువు తీసుకోక బతుకంతా దూరంగానే గడిపాడు. నాలుగో మాటను రాయిలా పట్టుకుని అయిదో మాటను మరిచిపోయిన ఇల్లు అది.

ఇవాళ మన జిల్లాలో తెల్లవారుజామున స్కూలు మైదానాల్లో, హైవే పక్కన పరుగెత్తే అమ్మాయిలూ అబ్బాయిలూ ఉన్నారు. కొందరు కానిస్టేబుల్ ఉద్యోగానికి, కొందరు సైన్యానికి తయారవుతున్నారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. పిల్లలు సెకన్లు లెక్కబెట్టుకుంటూ ఒళ్లు హూనం చేసుకుంటున్నారు. మెచ్చుకోవలసిందే. రాతపరీక్ష సిలబస్‌లో నైతిక విలువలు, స్త్రీల పట్ల, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం అనే అంశాలు కూడా ఉన్నాయి. వాటిని నాలుగు ఆప్షన్ల బిట్లుగా బట్టీపట్టి మార్కులు తెచ్చుకోవడం తేలిక. లాఠీ ఎత్తిన చెయ్యి ఎక్కడ ఆగాలో బిట్లలో దొరకదు.

అందుకే పిల్లలకు శిక్షణ ఇస్తున్న మాస్టర్లకు నా మనవి. వారానికి ఒక్క గంట పరుగు పక్కన పెట్టి, వాళ్లను నీడన కూర్చోబెట్టండి. ఎదుటివాడు చేతికి చిక్కాక ఏం చేస్తావు, చుట్టూ ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తావు, పై అధికారి తప్పు చెబితే ఏం చేస్తావు అని అడగండి. వాదించుకోనివ్వండి. గుండ్రాంపల్లి స్తూపం దగ్గరికి ఒకసారి తీసుకువెళ్లి ఆ ఊరి పెద్దల చేత మాట్లాడించండి. తల్లిదండ్రులారా, మీవాడు సెలక్షన్ అయ్యాడని ఊరంతా మిఠాయి పంచే రోజున, అయిదో మాట కూడా వాడి చెవిన వేయండి. యూనిఫాం వేసుకోబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నాలుగు మాటలు మీకు అందరూ చెబుతారు. అయిదోది మీరే అడిగి తెలుసుకోండి. వన్‌గ్వాంగ్ దగ్గర ఆ ఇద్దరు కుర్రాళ్లు సిగ్గుపడకుండా అడిగారు కాబట్టే ఆ మాట ఇవాళ మన దాకా వచ్చింది.